దివి–ఒకటికి వేసిన మార్కు

నమోదు 743. ఆదివారం. ఆకాశం నిర్మలం, గాలి పడమటిది.

సొంత సరదా కోసం రేడియో నడిపేవాడు తాను ఎవరితో మాట్లాడినదీ రాసి ఉంచుకోవాలన్నది పాతకాలపు నియమం. ఆ నియమం చేసినవారు లేరు, తనిఖీ చేసేవారు లేరు. అయినా నేను రాస్తున్నాను. దివి తీగల సంఘంలో తక్కిన సభ్యులెవరూ రాయరు. “మాట్లాడేశాం గదండీ, మళ్లీ రాసేదేముంది?” అంటారు. ముప్ఫై ఏళ్లు బడిలో పాఠం చెప్పి నేను సాధించినది ఇదీ!

ఈ ఉదయం యథాప్రకారం హాజరు పిలిచాను. నీళ్లలో మునిగిన ఉన్నత పాఠశాలకు మిగిలిన పై అంతస్తు నా నివాసం. అదే సంఘానికి ముఖ్యకేంద్రం. గుర్తింపు పేరు దివి–ఒకటి.

“దివి–రెండు హాజరు. మేష్టారికి నమస్కారాలు. తమరు ఐదు–తొమ్మిది” అన్నాడు విఠలేశ్వరం, అవనిగడ్డ గట్టు మీది నుంచి. సంఘానికి అధ్యక్షుడు. నా దగ్గర చదువుకున్నాడు. చదువుకున్నట్టు ఎక్కడా కనబడదు.

“దివి–నాలుగు హాజరండి. ఐదు–తొమ్మిదండి, గుడి గంటలాగుందండి” అన్నాడు దావీదు. రక్షణ పడవ నడుపుతాడు. ఇతడూ నా శిష్యుడే.

“దివి–పదకొండు హాజరండీ మేష్టారు. ఐదు–తొమ్మిది” అన్నది సైకం నాంచారమ్మ. బయటి కరకట్ట తలుపులు కాసే ఆఖరి మంచె మీద ఉంటుంది. ఆమె, మరి నలుగురు పనివాళ్లు. ఆ మంచె దాటితే సముద్రమే. ఈమెను తొమ్మిదో తరగతిలో తెలుగులో తప్పించాను.

ఈ ఐదు–తొమ్మిది సంగతి రాయక తప్పదు. రేడియోలో అవతలివాడి మాట స్పష్టతకు ఐదు మార్కులు, బలానికి తొమ్మిది మార్కులు. ఐదు–తొమ్మిది అంటే పక్క కుర్చీలో కూర్చుని మాట్లాడినంత. ఒకటి–ఒకటి అంటే అక్కడెవరో ఉన్నారేమోనన్న అనుమానం. ఈ రెంటి మధ్య ఇన్ని మెట్లు పెట్టినవాడు తెలివితక్కువవాడు కాదు. ఆ మెట్లన్నీ ఎక్కి వాడుకోమనే పెట్టాడు. కాని మా సంఘంలో ఎవరు ఎవరికి వేసినా ఐదు–తొమ్మిదే. పిడుగులు పడుతున్నా ఐదు–తొమ్మిది, బ్యాటరీ చచ్చినా ఐదు–తొమ్మిది. అంతకన్న తక్కువ చెబితే మర్యాద కాదట.

నేను వేసిన మార్కులు: విఠలేశ్వరానికి ఐదు–ఏడు. దావీదుకు ఐదు–ఆరు. నాంచారమ్మకు నాలుగు–ఐదు. ముగ్గురూ ముక్తసరిగా “సెలవండి” అని దిగిపోయారు.


నమోదు 744. మంగళవారం. ఎండ.

ఉదయం కర్ర దించి, పింగాణీ బుడిపెల మీద పేరుకున్న ఉప్పు తడిగుడ్డతో తుడిచి, మళ్లీ ఎత్తాను. రెండు వెదురు కర్రల మధ్య సాగిన రాగి తీగ, దాని నడుమ నుంచి గోడ వెంబడి కిందికి దిగే నల్లని కేబులు, గదిలో బల్ల మీద సెట్టు. ఇంతే నా సామ్రాజ్యం. సెట్టుకు ఒక ముల్లు ఉంటుంది. మనం పంపిన శక్తిలో ఎంత భాగాన్ని తీగ పుచ్చుకోకుండా వెనక్కి తిప్పికొట్టిందో అది చెబుతుంది. పోయిన ఏడు రెండు గీతల మీద ఆడుతూ ఉండేది. ఈ మధ్య సున్నా దగ్గర నుంచి కదలడం లేదు. శుభ్రత పాటిస్తే ఫలితం ఇలా ఉంటుంది.

మరొక విశేషం. సెట్టు పెట్టగానే వినబడే ఆ గాలి హోరు కొన్ని వారాలుగా బాగా తగ్గింది. నిండు తరగతిలో పిల్లలు తలలు వంచి రాసుకుంటున్నప్పటి నిశ్శబ్దం. మనుషులు బాగుపడకపోయినా ఆకాశం కొంత క్రమశిక్షణ నేర్చినట్టుంది.

మధ్యాహ్నం విఠలేశ్వరం పడవ వేసుకొని వచ్చాడు. కబురుకు పందిరి ఉండగా మనిషి రావడం వింతే. పందిరి అంటే ఆకాశంలో తాళ్లతో కట్టి ఎగరేసిన బుడగల బారు. దివిసీమ మాటలన్నీ దాని గుండానే పోతాయి, ఒక జల్లెడలో నుంచి. కటువైనదేదీ ఆ జల్లెడ దాటదు. కిందటి మాసం ఒక యువకవి తన పద్యాలు పంపితే, “ఇందులో ఒక్క పాదమూ నిలవదు, రాయడం మానుకో” అని జవాబిచ్చాను. “మీ పాదాలు ప్రయాణిస్తూనే ఉన్నాయి, ఆగకండి” అని అతనికి చేరింది. రెండు వందల పద్యాలు మళ్లీ పంపాడు. పందిరి వచ్చిన తరువాత పుట్టినవారెవరూ తిట్టు తిని ఎరుగరు. అందుకే నాకు రేడియో. ఇందులో జల్లెడ లేదు. జల్లెడ లేకపోయినా జనానికి నాలుకల మీదే అది మొలిచింది, అది వేరే సంగతి.

“మేష్టారూ, తమకో శుభవార్త” అంటూ విఠలేశ్వరం అరచేయంత ఇత్తడి బిళ్ల తీసి బల్ల మీద పెట్టాడు. నిరంతర పంచనవ పురస్కారం. ఏడాది పొడవునా ఐదు–తొమ్మిదికి తగ్గకుండా మార్కులు పొందిన కేంద్రానికి సంఘం ఇచ్చేదట.

“పంచనవ అంటే ఏమిటి? ద్వంద్వమా, ద్విగువా?” అన్నాను.

“అయ్యో, సమాసాలు ఇప్పుడెందుకండీ. ఐదూ తొమ్మిదీ అనండి.”

చెక్కినవాడికి తెలియదు, ఇచ్చేవాడికి తెలియదు, పుచ్చుకునేవాడికి తెలిసి ప్రయోజనం లేదు.

“ఈ బిళ్ల ఇంకెందరికి ఇచ్చావు?”

“అందరికీనండి. ఎవర్ని తగ్గిస్తాం చెప్పండి?” అని టీ అడిగి తాగి, మెల్లగా అసలు విషయానికి వచ్చాడు. “నాంచారమ్మ బాధపడుతోంది మేష్టారూ. ఆవిడకి నాలుగు–ఐదు వేశారంట. అంత దూరాన నీళ్ల మధ్య ఉన్న ఒక్క ఆడమనిషి. ఒక ఐదు–తొమ్మిది పారేస్తే మీ సొమ్మేం పోయింది?”

“ఆవిడ తీగలో లోపం ఉంటే రేపు గాలివానలో ప్రాణం పోతుంది. అది ఎవరి సొమ్ము?”

తల గోక్కున్నాడు. గాలివాన మాట ఎత్తాను గనుక రక్షణ కార్యాలయం వారి ఉత్తర్వు కూడా చెప్పి వెళ్లాడు. తుఫానుకు పందిరి దించుతారు. బుడగలు గాలికి ఆగవు. దించిన దగ్గర నుంచి మళ్లీ ఎత్తేదాకా ఆఖరి మంచె కబురు మోయవలసినది మా సంఘమే. కేంద్రం దివి–ఒకటి. నేను చెప్పనిదే రక్షణ పడవ కదలదు. పోయిన తుఫానులో ముగ్గురు మూడు మాటలు చెప్పి పడవను మూడు వైపులకు లాగారు. ఒకే గొంతు ఉండాలని నియమం చేయించినవాణ్ణి నేనే. మంచె కాళ్ల మీద ఎర్ర గుర్తు ఉంది. నీరు దాన్ని తాకితే అయిదుగురినీ తీసుకురావాలి. తాకినట్టు నాంచారమ్మ నాకు చెప్పాలి, నేను దావీదుకు చెప్పాలి.

ఇత్తడి బిళ్లను కిటికీ రెక్క కొట్టుకోకుండా అడ్డం పెట్టాను. దానికి తగిన పనే.


నమోదు 747. ఆదివారం. మబ్బు.

ఈ వారం హాజరు చూసి అసహ్యం వేసింది. విఠలేశ్వరం నాలుగు–ఐదుకు దిగాడు. దావీదు నాలుగు–నాలుగు. నాంచారమ్మ మూడు–మూడు. ఒక్కరంటే ఒక్కరు మెరుగుపడలేదు. పతకాలు పంచిన వారంలోనే ఈ పతనం. పతకాలు ఎందుకు పనికివస్తాయో ఇప్పటికైనా తెలిసిందా?

అందరినీ ఆపి గట్టిగా చెప్పాను. “మీ మీ తీగలు దించి చూసుకోండి. ఉప్పు తుడవండి. బ్యాటరీలు కొలవండి. సంఘమంతా ఒక్కసారిగా చవటలయితే నేనేం చేయను!”

తరువాత నాంచారమ్మ గొంతు, లోతు బావిలో నుంచి వచ్చినట్టు:

“మేష్టారండీ, మొన్ననే మా తీగ మొత్తం కొత్తది ఏసేను. దావీదన్న తెచ్చిచ్చేడు. ఉప్పు రోజూ తుడుత్తానే ఉన్నా. మూడు–మూడు ఎట్టా వచ్చుద్దండీ?”

“వచ్చింది గనుక వేశాను. తొమ్మిదో తరగతిలోనూ ఇదే ప్రశ్న అడిగావు.”

“అప్పుడు రాయలేదు గాబట్టి తప్పేనండీ. ఇప్పుడు రాసేనుగా!”

నాకు నవ్వు రాబోయింది. ఆపుకున్నాను. “సరే. నువ్వు నాకు వెయ్యి. నిజంగా ఎంత వినబడుతున్నానో అంత. మొహమాటం లేకుండా.”

సెట్టులో ఎప్పటి గాలి హోరు కూడా లేదు.

“గురువుగారికి మార్కులేసేదాన్నా నేను? కళ్లు పోతాయండీ. ఐదు–తొమ్మిది” అన్నది.

“ఔనండి, మీకేంటండి, ఐదు–తొమ్మిదే” అన్నాడు దావీదు.

“తమరెప్పుడూ ఐదు–తొమ్మిదే మేష్టారూ” అన్నాడు విఠలేశ్వరం.

భజన. గురుభక్తి పేరుతో గురువుకు ఎవరూ ఏమీ చెప్పని దేశంలో గురువు ఏం నేర్చుకుంటాడు?


నమోదు 748. శనివారం. చినుకులు.

ఇవాళ దూరపు పలకరింపుల పోటీ. సంవత్సరానికొకసారి జరుగుతుంది. ఎవరెంత దూరంలో ఉన్నవారిని, ఎందరిని పలకరించి, పేరూ మార్కూ మార్చుకోగలిగితే అంత గెలుపు. నా గోడ నిండా పాత పోటీల తరువాత వచ్చిన కార్డులున్నాయి: కొలంబో, మస్కట్, తాష్కెంట్, ఎక్కడో తిమింగలాల మీద పరిశోధన చేసే ఓడ. ఆ కార్డులు అట్టముక్కలే. ఒక్కొక్కటి ఒక మనిషి నన్ను విన్నట్టు రుజువు. బొమ్మలకోసం పోగుచేసేవారి సంగతి నాకు తెలియదు.

ఈ ఏడు పోటీ మందకొడిగా ఉంది. ఉదయమంతా పిలిస్తే అండమాను నుంచి ఒక పెద్దమనిషి మాత్రం దొరికాడు. సంభాషణ ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

“తమరు ఐదు–తొమ్మిది. ఐదు–తొమ్మిది. తమ పేరు?”

“దివి–ఒకటి.”

“ఐదు–తొమ్మిది సార్. పేరు మళ్లీ?”

“దివి–ఒకటి!”

“చాలా బాగా వినబడుతున్నారు. పేరు?”

గొంతు పోయేలా మరొకసారి అరిచాను.

“ధన్యవాదాలు, ఐదు–తొమ్మిది, నమస్కారం దేవీ గారూ” అని వెళ్లిపోయాడు.

స్పష్టంగా వినబడుతున్నవాణ్ణి పేరు అన్నిసార్లు అడుగుతారా? అడుగుతారు. ఐదు–తొమ్మిది అన్న మాటకు అర్థం పోయింది గనుక అడుగుతారు. ఆ మాట ఇప్పుడు దగ్గు వంటిది. గొంతు సవరించుకోవడానికి పనికివస్తుంది. సెట్టు కట్టేసి చారు పెట్టుకున్నాను. పోటీ అయ్యేదాకా మళ్లీ ముట్టుకోలేదు.


నమోదు 751. బుధవారం, ఉదయం. గాలి ఈశాన్యం నుంచి, హెచ్చుతోంది.

పందిరి దించారు. బుడగలు ఒకటొకటే కిందికి వచ్చి బుసకొట్టి ముడుచుకోవడం కిటికీలో నుంచి కనబడింది. కడపటి బుడగ దిగే లోపల పందిరి వారి ప్రకటన: “ఆకాశం కొంచెం ఉత్సాహంగా ఉంది. ఇంట్లోనే ఆనందించండి.” దీనిని తుఫాను హెచ్చరిక అంటారట! ఆ మాట రాసినవాడు నా శిష్యుడు కాకూడదని కోరుకున్నాను. అయివుండవచ్చు.

సెట్టు పెట్టాను. నిశ్శబ్దం. ఇంత గాలిలో ఇంత నిశ్శబ్దం ఎన్నడూ ఎరుగను.

“దివి–పదకొండు, దివి–పదకొండు. దివి–ఒకటి పిలుస్తోంది. నీటి మట్టం చెప్పు.”

ఏమీ లేదు. పలుమార్లు పిలిచాక, చెమట పట్టేలా చెవిని సెట్టుకు ఆనిస్తే, గొంతు నీడ వంటిది ఒకటి తగిలింది. నాంచారమ్మే. మాట లేదు, ఆకారం మాత్రం. రెండు–ఒకటి. నేను భయపడినంతా అయింది. ఆమె తీగ తెగబోతోంది.

విఠలేశ్వరాన్ని పిలిచాను. అతడు అస్పష్టంగా పలికాడు.

“నాంచారమ్మ నీకు ఎంత వినబడుతోంది?”

“ఐదు–తొమ్మిది మేష్టారూ.”

“విఠలేశ్వరం! అయిదు ప్రాణాలు. మర్యాదలు గట్టు కింద పడేసి నిజం చెప్పు.”

“నిజంగానేనండి. నిజంగా ఐదు–తొమ్మిదే. ఇప్పుడే మాట్లాడాను, పక్కనున్నట్టుంది.”

ఒట్టు పెట్టాడు. తల్లి మీద పెట్టాడు. నేను నమ్మలేదు. అతడు ఇన్నాళ్లూ అందరికీ ఒకే మార్కు వేశాడు. ఇవాళ అదే మార్కు వేసి ఇది మాత్రం అసలుదంటున్నాడు. దొంగనాణెం, మంచినాణెం ఒకే అచ్చులో పోసినవాడు ఏ నాణెం ఇచ్చినా ఎవరు పుచ్చుకుంటారు?

నియమం ప్రకారం నిర్ణయం నాది. నిర్ణయించాను.

“దివి–రెండు, ఈ మాట ఆమెకు అందించు. కర్ర దించమను. తీగ అతుకులన్నీ విప్పి, గీకి, మళ్లీ బిగించి ఎత్తమను. గాలి ఇంకా ముదరక ముందే. ఆలస్యం పనికిరాదు.”

“ఇప్పుడాండీ? ఇంత గాలిలో దించితే మళ్లీ లేస్తుందంటారా?”

“లేవకపోతే ఏం? ఇప్పుడు మాత్రం వినబడుతున్నదా?”

“నాకు వినబడుతుందండి...” అని గొణిగి ఆగాడు. “సరేనండి. తమరు చెప్పాక కాదనేదేముంది.”

అందించాడు. అతడు ఆమెతో అనడం నాకు లీలగా వినబడింది: “అమ్మా నాంచారమ్మా, మేష్టారు చెప్పారు, కర్ర దించాలంట. ఆయన చెప్పారంటే ఏదో ఉంటది.”


నమోదు 752. అదే రోజు, కొద్దిసేపటికి.

ఈ నమోదును పూర్తిగా రాస్తాను. ఒక అక్షరమూ వదలను.

గొంతు వినబడని చోట తంతి మీట వినబడుతుంది. చిన్న చుక్క, పెద్ద గీత. ఎంత సన్నగా వచ్చినా చెవి పోల్చుకుంటుంది. తెలుగుకు తంతి అక్షరాలు కూర్చినవాణ్ణి నేనే. సంఘం సభ్యులందరిచేతా కంఠస్థం చేయించాను. పొదుపు కోసం ఒక కట్టుబాటు కూడా పెట్టాను: తంతిలో ‘అండీ’లు, ‘గారు’లు, ‘తమరు’లు, నమస్కారాలు ఉండకూడదు. విషయం మాత్రమే ఉండాలి.

కర్ర దించడానికి ఎంత సేపు పడుతుందో లెక్కవేసుకుంటూ కూర్చున్నాను. అప్పుడు మీట చప్పుడు వచ్చింది. ఎంత సన్నగా అంటే, ఊపిరి బిగబట్టి విన్నాను. నాంచారమ్మ చేయి. గీతలు సాగదీసే అలవాటు ఆమెది. ఎన్నిసార్లు దిద్దినా పోలేదు.

“కర్ర దించను. తీగ బాగుంది. అందరికీ వినబడుతున్నాను. మీకే వినబడటం లేదు. మీకు ఒకటి ఒకటి.”

ఆగింది. మళ్లీ వచ్చింది.

“రెండు నెలలుగా తగ్గుతున్నారు. అందరికీ తెలుసు. ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. మీ కేబులు చూసుకోండి. నీరు గుర్తుకు జానెడు కింద ఉంది.”

మొదట వచ్చినది కోపం. తొమ్మిదో తరగతి తప్పిన పిల్ల నాకు ఒకటి–ఒకటి వేయడమా? పద్నాలుగుకు రెండు! నా బడిలో ఖాళీ పలక తెచ్చిన పిల్లవాడికి కూడా అంత తక్కువ వేసి ఎరుగను.

తరువాత ఆలోచన వచ్చింది. వరసగా వచ్చింది, బాకీ వసూలుకు వచ్చినవారిలాగా. తరగతి తరగతంతా ఒకేసారి, ఒకే మేరకు తప్పితే పిల్లలను కాదు, ప్రశ్నపత్రాన్ని అనుమానించాలని కొత్త ఉపాధ్యాయులకు చెప్పేవాణ్ణి నేను. అందరి మార్కులూ కలిసి దిగాయి. ఆకాశం క్రమశిక్షణ నేర్చింది. అండమాను పెద్దమనిషి నన్ను దేవిని చేశాడు. ఇక ముల్లు? అది సున్నా దాటి కదలలేదు.

కత్తి తీసుకొని మేడ మీదికి వెళ్లాను.


నమోదు 753. అదే రోజు. వాన.

పిట్టగోడ అంచున కేబులు వంగే చోట నల్లని తొడుగు మీద వెంట్రుకంత చీలిక. ఎండకు పగిలింది. నేను తుడిచిన బుడిపెలు పైన తళతళలాడుతున్నాయి. వాటికి రెండు బారల కింద ఈ చీలికను ఒక్కనాడూ తేరిపార చూడలేదు. కత్తితో కోశాను. నీళ్లు కారాయి. లోపలి రాగి అల్లిక పచ్చబడి, నల్లబడి, తడిసిన పొగాకులా వేలికి అంటుకుంది. గోడ వెంబడి కింది దాకా అదే స్థితి.

నీరు తాగిన కేబులు నేను పంపిన శక్తిని దారిలోనే మింగేసింది. తీగ దాకా పోయేది లేదు గనుక తిప్పికొట్టేదీ లేదు. అందుకని ముల్లు సున్నా చూపించింది. లోపలికి వచ్చే మాటనూ, హోరునూ అలాగే మింగింది. అంటే, ఈ పాడు ప్రపంచంలో నాకు మిగిలిన నిష్పక్షపాత సాక్షి అనుకున్న ఆ ముల్లు కూడా నాకు రెండు నెలలుగా ఐదు–తొమ్మిది వేస్తూ కూర్చుంది.

కొత్త కేబులు అంత పొడవు లేదు. రెండు బారల ముక్క ఉంది. కేబులు సెట్టు దాకా రాలేకపోతే సెట్టే కేబులు దగ్గరికి పోవాలి. సెట్టూ బ్యాటరీ ఒకదాని తరువాత ఒకటి మేడ మీది మెట్లగదిలోకి మోశాను. నా వయసులో అది శోభించే పని కాదు. పాత అతుకు కోసి, రాగి గీకి, కొత్త ముక్క బిగించి, పైన మైనంగుడ్డ చుట్టాను. తీగను కర్రకు లాగి కట్టే కొసతాడు గాలికి విదిలించుకొని తీగను కర్రకేసి కొడుతోంది. దానికి బరువు కావాలి. కిటికీ దగ్గరి ఇత్తడి బిళ్ల గుర్తు వచ్చింది. తెచ్చి కట్టాను. నిరంతర పంచనవ పురస్కారం వాయుగుండంలో గుండ్రంగా తిరిగి, తాడును బిగలాగి నిలిచింది.

సెట్టు పెట్టాను.

హోరు! పిడుగుల పటపట, గాలి గరగర, ఎవరిదో మీట, ఎక్కడిదో పాట, లోకంలోని రొదంతా మీద పడింది. రెండు నెలలుగా నేను మురిసిపోయిన ఆ నిశ్శబ్దం చెవుడు.

ఆ రొదను చీల్చుకుంటూ, పక్క కుర్చీలో నుంచి మాట్లాడినట్టు:

“దివి–ఒకటి, దివి–ఒకటి! దివి–పదకొండు! మేష్టారండీ, ఉన్నారా? నీళ్లు గుర్తుని తాకినయ్యి! కింది మెట్టు మునిగిపోయింది. ఎవురైనా మేష్టారికి చెప్పండయ్యా!”

“మేష్టారికి వినబడింది” అన్నాను. “దివి–నాలుగు! పడవ తియ్యి. ఆఖరి మంచె, అయిదుగురు. ఈశాన్యం గాలి, గట్టు నీడన పో.”

“తీసేసేనండి!” అన్నాడు దావీదు. వెనక ఇంజను చప్పుడు అప్పటికే వినబడుతోంది. “ఇందాకట్నుంచీ తాడు చేత్తో పట్టుకుని మీ మాట కోసమే కూర్చున్నానండి.”

“నాంచారమ్మా, నీకు ఐదు–తొమ్మిది” అన్నాను. ఈ పుస్తకంలో వెనక్కి తిరగేసి చూడవచ్చు; నా చేతి మీదుగా ఆ మార్కు ఇంతకు మునుపు ఎవరికీ పడలేదు.

నీటి చప్పుడు మధ్య ఆమె నవ్వింది. “అయ్యో! ఆకరికి మీరూ మొదలెట్టేరా మేష్టారండీ!”

“నిజంగానే ఐదు–తొమ్మిది!”

“విఠలయ్యగారు కూడా అట్టాగే అన్నారంటగా!”

మంచె మీది సామాను వదిలేసి మనుషులను మాత్రం మెట్ల పైకి చేర్చమని, బ్యాటరీ సంచిలో చుట్టి మెడకు తగిలించుకోమని చెప్పాను. పడవ అందేదాకా ఆమెను మాట్లాడిస్తూనే ఉన్నాను. నీరు రెండో మెట్టుకు వచ్చిందన్నది. మూడో మెట్టు అన్నది. తరువాత దావీదు కేక, ఎవరో ఏడుపు, ఎవరో తిట్టు, అచ్చమైన తిట్టు, జల్లెడ లేనిది. వినడానికి హాయిగా ఉంది.

“అయిదుగురూ ఎక్కేరండి” అన్నాడు దావీదు. “నాంచారమ్మ సెట్టు వదిలి ఎక్కనంటే సెట్టుతో సహా ఎత్తి ఏసేనండి.”

కర్ర దించి ఉంటే ఈ మాటల్లో ఒక్కటి కూడా నాకు అంది ఉండేది కాదు. నియమం ప్రకారం పడవా కదిలి ఉండేది కాదు. కర్ర దించమన్నది నేను. ఎవరూ అడగరు, అయినా రాసి ఉంచుతున్నాను.


నమోదు 758. ఆదివారం. ఆకాశం నిర్మలం.

పందిరి మళ్లీ ఎత్తారు. ఎత్తిన వెంటనే దాని మొదటి ప్రకటన: “ఆకాశం తన ఉత్సాహాన్ని ముగించుకుంది. మీ సహకారం అద్భుతం.” మునిగిన మంచెల ఊసు లేదు.

హాజరు పిలిచాను. సెట్టు ఇంకా మెట్లగదిలోనే ఉంది. అక్కడే ఉంచుదామనుకుంటున్నాను.

“దివి–రెండు హాజరు. తమరు ఐదు–తొమ్మిది మేష్టారూ!” అన్నాడు విఠలేశ్వరం. “ఈసారి నిజంగానండోయ్. అన్నట్టు తుఫాను సేవకుగాను సంఘం తమకు ప్రత్యేక పతకం...”

“రెండో కొస తాడుకు బరువు లేదు. పంపించు” అన్నాను.

“దివి–నాలుగు హాజరండి. ఐదు–తొమ్మిదండి.”

నాంచారమ్మ గట్టు మీద చుట్టాల ఇంటి నుంచి మాట్లాడింది. మంచె బాగుచేసే దాకా అక్కడే ఉంటుందట.

“దివి–పదకొండు హాజరు. మేష్టారండీ, మీకు ఐదు–ఎనిమిది.”

విఠలేశ్వరం “అమ్మా!” అనడం వినబడింది.

“ఎనిమిదేమిటి?” అన్నాను. “ఒకటి ఎందుకు తగ్గింది?”

“ఎందుకు తగ్గిందో నాకేం తెలుసుద్దండీ. తగ్గింది గాబట్టి ఏసేను. మీరే పైకెళ్లి చూసుకోండి.”

హాజరు ముగించి పైకి వెళ్లాను. తూర్పు కర్ర ఒరిగి ఉంది. గాలివానకు దాని అడుగున మేకు కదిలి, తీగ ఒక పక్కకు కుంగింది. కింద నుంచి చూస్తే తెలియదు. మేకు బిగించి, కర్ర నిలబెట్టి, దిగివచ్చి ఈ నమోదు రాస్తున్నాను.

దివి–ఒకటికి దివి–పదకొండు వేసిన మార్కులు: మొదటిది ఒకటి–ఒకటి. రెండవది ఐదు–ఎనిమిది. మొన్నటి దాకా వచ్చినవన్నీ కొట్టివేశాను.